బిస్కెట్ వంటకాలను గ్రాముల్లో, కారణాలతో సహా ప్రచురించండి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

మీ ఆదివారం అనుబంధంలో చిరుధాన్యాల బిస్కెట్ల గురించి వచ్చిన వ్యాసం చదివి ఈ లేఖ రాస్తున్నాను. నేను అనకాపల్లిలో ఇంటి దగ్గరే బిస్కెట్లు చేసి అమ్ముకునే మనిషిని. చుట్టుపక్కల ఊళ్ళలోని డ్వాక్రా సంఘాల మహిళలు అడిగినప్పుడు వారికి నేర్పుతూ కూడా ఉంటాను. చోళ్ళు (రాగులు), జొన్నలు, సజ్జలు మళ్ళీ మన వంటింట్లోకి రావాలని మీ పత్రిక పట్టుదలగా రాస్తున్నందుకు మాలాంటివాళ్ళం కృతజ్ఞులం. అయితే ఆ వ్యాసంలోని రెండు విషయాలు నాకు చాలా బాధ కలిగించాయి. మొదటిది, మైదా ఉన్నచోట అంతే చోడిపిండి, పంచదార ఉన్నచోట అంతే బెల్లం, వెన్న లేకపోతే అంతే నెయ్యి వాడుకోవచ్చని చెప్పడం. రెండవది, అదే పేజీలో చిన్న పెట్టె కట్టి, ప్రపంచమంతా తినే చాక్లెట్ చిప్ కుకీ ఒక వంటమనిషి పొరపాటు వల్ల పుట్టిందని రాయడం. చూడడానికి ఈ రెంటికీ సంబంధం లేదనిపిస్తుంది. కానీ కొత్త వంటకం అదృష్టం కొద్దీ కుదురుతుందే గాని శ్రమపడి కుదిర్చేది కాదన్న భావనే రెండింటిలోనూ ఉంది.

ముందు ఆ పెట్టెలోని కథ సంగతి చెబుతాను. ఆ కుకీని తయారుచేసిన రూత్ వేక్‌ఫీల్డ్ అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రానికి చెందినవారు. ఆమె 1924లో ఫ్రేమింగ్‌హామ్‌లోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో గృహ కళల విభాగం నుంచి పట్టా పొంది, పోషకాహార నిపుణురాలిగా పనిచేశారు, విద్యార్థులకు పాఠాలు చెప్పారు. 1930లో భర్త కెన్నెత్‌తో కలిసి విట్‌మన్ అనే ఊరి దగ్గర టోల్ హౌస్ అనే భోజనశాలను తెరిచారు. అక్కడ ఐస్‌క్రీమ్‌తో పాటు పలుచని బటర్‌స్కాచ్ గింజల బిస్కెట్ వడ్డించేవారు. అది అందరికీ నచ్చుతున్నా, వచ్చేవారికి వేరే ఏదైనా పెట్టాలన్న ఆలోచనతోనే తాను కొత్త కుకీ మీద పనిచేశానని ఆమె తరువాతి కాలంలో స్వయంగా చెప్పారు. సహాయకురాలు సూ బ్రైడ్స్‌తో కలిసి చేసిన ఆ ప్రయత్నం 1938 నాటికి వంటకంగా అచ్చయింది. 1939లో నెస్లే సంస్థ ఆ వంటకాన్ని తన చాక్లెట్ ప్యాకెట్ల మీద ముద్రించే హక్కు తీసుకుంది.

వంటచాక్లెట్ అయిపోతే తీపి చాక్లెట్‌ను ముక్కలు చేసి వేశారని, అవి కరిగి పిండిలో కలిసిపోతాయనుకుంటే ముక్కలుగానే మిగిలిపోయాయని, దాంతో కొత్త కుకీ పుట్టిందని ప్రచారంలో ఉన్న కథ. బేకింగ్ చదువుకున్న మనిషి అలా అనుకుంటారా? పిండి మొత్తం చాక్లెట్ రంగు రావాలంటే చాక్లెట్‌ను ముందే కరిగించి వెన్నలో కలపాలని ఆ పని తెలిసిన ఎవరికైనా తెలుసు. ముక్కల్లోని కోకో వెన్న ఓవెన్ వేడికి మెత్తబడుతుంది గాని, ఎవరూ కలియబెట్టకపోతే ముక్క ఆకారం చాలావరకు నిలిచే ఉంటుంది. పైగా ఆ వంటకంలో తెల్ల పంచదార, గోధుమరంగు పంచదార రెండూ సమానంగా వేశారు, వంటసోడాను వేడినీటిలో కరిగించి కలిపారు, కలిపిన పిండిని టోల్ హౌస్‌లో రాత్రంతా చల్లగా ఉంచేవారమని ఆమే రాశారు. ఇంత ఆలోచించి కూర్చిన వంటకానికి కంగారులో చేసిన పొరపాటు అని పేరు పెట్టడం ఆ మనిషి చదువునూ పనినీ చిన్నచూపు చూడడమే. మన హైదరాబాదు ఉస్మానియా బిస్కెట్ విషయంలో కూడా నిజాం నవాబు పేరు చెప్పుకుంటాం గాని, ఆ తీపి, ఉప్పు పాళ్ళను అంత సన్నగా కుదిర్చిన పనివాళ్ళ గురించి ఒక్క మాటైనా చెప్పుకోము.

ఇక మీరు ప్రచురించిన వంటకం గురించి. మైదాలో నీరు తగిలితే గ్లూటెన్ అనే సాగే గుణమున్న పదార్థం ఏర్పడుతుంది. బిస్కెట్‌కు అది ఎక్కువైతే గట్టిపడుతుంది కాబట్టి మనం పిండిని ఎక్కువ పిసకం. కానీ అది బొత్తిగా లేకపోతే బిస్కెట్‌ను పట్టి ఉంచేదేమీ ఉండదు. చోళ్ళలో గాని, జొన్నల్లో గాని, సజ్జల్లో గాని గ్లూటెన్ లేదు. అందువల్ల మైదా తీసేసి అంతే చోడిపిండి వేస్తే, ఓవెన్‌లోంచి తీసేటప్పుడు చక్కగా కనిపించిన బిస్కెట్ చల్లారాక చేత్తో పట్టుకుంటే పొడిపొడిగా రాలిపోతుంది. మా పక్క ఊరి సంఘంలోని ఒక ఆమె మీ పేజీని కత్తిరించి దాచుకుని, సంఘం నుంచి తీసుకున్న అప్పుతో కొన్న వెన్నతో ఆ వంటకం చేసి, ట్రే మొత్తం పొడిగా మిగలడంతో నా దగ్గరకు వచ్చారు. ఆమె చేతిలో లోపమేమీ లేదు. అచ్చులో ఉన్నట్టే తు.చ. తప్పకుండా చేశారు.

నేను మా చోడి బిస్కెట్‌కు కొలతలు కుదుర్చుకున్న తీరు ఇక్కడ కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే పాఠకులకు వంటకం కన్నా ఆ తీరే ఎక్కువ అవసరమని నా నమ్మకం. చాలామందికి తెలిసిన పాత లెక్క ఒకటుంది: తూకంలో ఒక వంతు పంచదార, రెండు వంతుల వెన్న, మూడు వంతుల పిండి. గుడ్డు, సోడా ఏవీ లేకుండా ఈ మూడింటితోనే నోట్లో వేసుకోగానే విరిగే సాదా బిస్కెట్ వస్తుంది. నేను దాన్నే మొదటి ట్రేగా పెట్టుకున్నాను. అది మారదు, తరువాత చేసిన ప్రతి ట్రేనూ దాని పక్కన పెట్టి చూడడానికే అది. ఆ తరువాత ఒక్కో ట్రేలో ఒక్క వస్తువునే మార్చుతూ పోయాను. పిండి మార్చిన రోజు తీపి ముట్టుకోలేదు, తీపి మార్చిన రోజు వేడి ముట్టుకోలేదు. ఒకేసారి రెండు మార్చితే, వచ్చిన ఫలితం ఏ మార్పు వల్ల వచ్చిందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

పిండి దగ్గర, చోడిపిండి వంతును మొత్తం నుంచి ముప్పావుకు, ముప్పావు నుంచి సగానికి తగ్గిస్తూ, ఆ లోటును గోధుమపిండితో నింపాను. సగం సగం దగ్గరికి వచ్చేసరికి బిస్కెట్ డబ్బాలో పెట్టి ఊరికి పంపినా విరగకుండా నిలిచింది. గోధుమ పడనివారి కోసం అవిసె గింజల పొడిని నీళ్ళలో నానబెట్టి ఆ జిగురును కలిపి చూశాను; అది కూడా పట్టు ఇస్తుంది గాని కరకర తగ్గుతుంది. పట్టు వచ్చాక కూడా ఒక చిక్కు మిగిలింది. రుచి చూసిన పక్కింటి ఆమె, "అక్కా, రుచి బాగానే ఉంది గాని పంటికింద ఇసకలాగ తగుల్తంది," అన్నారు. ఆ మాట నాకు చాలా ఉపయోగపడింది. చోడిపిండి రేణువులు తడిని మైదా అంత త్వరగా పీల్చుకోవు. అందుకని ఒకే ముద్దను రెండు భాగాలు చేసి, సగం వెంటనే కాల్చి, సగం ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచి మర్నాడు అదే ట్రేలో, అదే వేడి మీద కాల్చాను. రెంటినీ పక్కపక్కన పెడితే తేడా కంటికే తెలిసింది. వెంటనే కాల్చినవి పక్కలకు పాకి పలచబడ్డాయి, అంచులు బీటలు వారాయి. ఆగి కాల్చినవి ఎత్తుగా, గుండ్రంగా నిలిచాయి, రంగు కాస్త ముదిరింది, ఆ గరుకు పోయింది. వేక్‌ఫీల్డ్ తన పిండిని రాత్రంతా చల్లగా ఉంచిన సంగతి నాకు ఆ తరువాత తెలిసింది. ఆమె వాడింది మైదా, నేను వాడింది చోడిపిండి అయినా, పిండికి తడి పట్టే వ్యవధి ఇవ్వడం, వెన్నను గట్టిపరచి పాకకుండా ఆపడం అన్న పనులు రెండుచోట్లా ఒక్కటే.

బెల్లం దగ్గర ఎక్కువ కాలం పట్టింది. బెల్లం మార్కెట్‌కు పేరుపడ్డ ఊళ్ళో ఉంటూ పంచదార బిస్కెట్ చేయడం నాకు ఇష్టం లేదు. కానీ బెల్లం అంటే రంగు మారిన పంచదార కాదు. పంచదార పలుకులను వెన్నతో గిలకొట్టినప్పుడు ఆ పలుకుల అంచులు వెన్నలోకి గాలిని చొప్పిస్తాయి, ఆ గాలే బిస్కెట్‌ను గుల్లగా చేస్తుంది. మెత్తగా తడిగా ఉండే బెల్లం పొడి ఆ పని అంత బాగా చేయలేదు. రెండోది, బెల్లంలో పంచదారతో పాటు గ్లూకోజు, ఫ్రక్టోజు కూడా ఉంటాయి. అవి త్వరగా రంగు తిరుగుతాయి, గాలిలోని తేమను లాక్కుంటాయి. దాంతో 180 డిగ్రీల దగ్గర అంచులు నల్లబడేసరికి నడుమ పచ్చిగానే ఉంది. కాల్చిన సాయంత్రం కరకరలాడినవి మా సముద్రపు గాలికి మర్నాటికే మెత్తబడ్డాయి. కాబట్టి వేడిని 160కి దించి సమయం పెంచాను. చల్లారిన బిస్కెట్లను 120 డిగ్రీల దగ్గర మరో పది నిమిషాలు ఆరనిచ్చాను. ఆ రెండో కాల్పుతో డబ్బాలో వాటి కరకర నిలిచింది. గుల్లదనం కోసం కొంచెం వంటసోడా కలిపాను. బెల్లానికి కొద్దిపాటి పులుపు గుణం ఉంటుంది కాబట్టి సోడా దానితో కలిసి గాలి పుట్టిస్తుంది. కానీ పులుపుకు మించి సోడా పడితే అది బిస్కెట్‌లోనే మిగిలి సబ్బు రుచి ఇస్తుంది. ఈ కారణంగానే మీ వంటకంలో "చిటికెడు సోడా" అన్న మాట నాకు కష్టంగా తోచింది. సోడా చిటికెడు అంటే ఒక చేతికి అర గ్రాము, మరో చేతికి గ్రామున్నర. నేను బంగారు నగలు తూచే చిన్న కాటా కొనుక్కుని, సోడాను, ఉప్పును దాని మీదే తూస్తున్నాను.

బెల్లం ఎప్పుడూ ఒకేలా ఉండదని కూడా చెప్పాలి. సంక్రాంతి ముందు వచ్చే కొత్త బెల్లంలో తేమ ఎక్కువ. వేసవిలో నిలవ ఉన్న దిమ్మ పొడిగా ఉంటుంది. హైడ్రోస్ అనే రసాయనం వేసి తెల్లబరచిన బెల్లం రుచి వేరు, ఏమీ కలపని ముదురు రంగు బెల్లం రుచి వేరు. నేను ముదురు బెల్లాన్నే తురిమి, నీడన ఆరబెట్టి, జల్లించి వాడతాను. అది తడిగా ఉన్న నెలల్లో పాలు తగ్గిస్తాను. ఇదంతా నోటుపుస్తకంలో తేదీతో రాసి ఉంచకపోతే, మరుసటి సంవత్సరం అదే బిస్కెట్ మళ్ళీ చేయలేను.

వెన్న బదులు అంతే నెయ్యి అన్న సలహా గురించి రెండు మాటలు. మార్కెట్‌లో దొరికే ప్యాకెట్ వెన్నలో కొవ్వు సుమారు 80 శాతం, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం నీరు. నెయ్యి దాదాపు మొత్తం కొవ్వే. కాబట్టి వంద గ్రాముల వెన్న స్థానంలో వంద గ్రాముల నెయ్యి వేస్తే కొవ్వు ఎక్కువై బిస్కెట్లు ట్రే మీద పరుచుకుపోతాయి. ఎనభై, ఎనభై రెండు గ్రాముల నెయ్యి వేసి, తగ్గిన తడి కోసం ఒక చెంచా పాలు కలపాలి. ఇంట్లో చిలికిన వెన్నలో నీరు ఎంత ఉంటుందో ఏ రోజుకారోజు మారుతుంది గనుక బిస్కెట్లకు దాన్ని నేను వాడను. సజ్జపిండి విషయం కూడా మీ వ్యాసంలో రావలసింది. అందులో సహజంగా నూనె ఎక్కువ కాబట్టి మర పట్టించిన కొన్నాళ్ళకే కనరు వాసన వస్తుంది. దాన్ని అప్పటికప్పుడు పట్టించి, దోరగా వేయించి వాడాలి.

రుచి చూపించడంలోనూ ఒక పద్ధతి అవసరం. మన ఇళ్ళలో "బాగుందా?" అని అడిగితే "చాలా బాగుంది" అంటారు, అది మర్యాద. నేను బటర్ పేపరు వెనక పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, ఏది ఏదో చెప్పకుండా రెండు రకాలు ఇచ్చి, ఏది ఎక్కువ కరకరలాడుతోంది, ఏది తీపి ఎక్కువ, ఏది ఇంకొకటి తినాలనిపిస్తోంది అని అడుగుతాను. కాల్చిన రోజు ఒకసారి, వారం తరువాత డబ్బాలోంచి తీసి ఒకసారి. అమ్మకానికి చేసే బిస్కెట్‌ను కొన్నవాళ్ళు తినేది ఆ వారం తరువాతే. పిల్లలు, పళ్ళు కదిలిన పెద్దవాళ్ళు ఈ పనికి అందరికన్నా నిజాయితీ గలవారని నా అనుభవం.

ఇలా కుదిరిన కొలతలను మీ పాఠకుల కోసం ఇస్తున్నాను. దోరగా వేయించి చల్లార్చిన చోడిపిండి 100 గ్రాములు, గోధుమపిండి 100, ఉప్పులేని వెన్న 110, తురిమి ఆరబెట్టిన బెల్లం 90, వేయించిన నువ్వులు 25, ఉప్పు 2, వంటసోడా 1.5 గ్రాములు, పాలు 15 నుంచి 20 గ్రాములు. వెన్న, బెల్లం కలిపి తెల్లబడేవరకు గిలకొట్టి, పిండి, సోడా, ఉప్పు కలిపి జల్లించి అందులో వేసి, నువ్వులు, పాలు చేర్చి, పిసక్కుండా ముద్ద చేయాలి. కనీసం గంట, వీలైతే రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, ఒక్కొక్కటి 20 గ్రాముల ఉండగా చేసి సెంటీమీటరు మందాన ఒత్తి, ముందే వేడిచేసిన ఓవెన్ నడిమి అరలో 160 డిగ్రీల దగ్గర పదహారు నుంచి పద్దెనిమిది నిమిషాలు కాల్చాలి. ఇళ్ళలో వాడే ఓటీజీల (చిన్న కరెంటు ఓవెన్ల) మీది అంకెకూ లోపలి వేడికీ పది ఇరవై డిగ్రీల తేడా ఉండవచ్చు కాబట్టి లోపల పెట్టే చిన్న థర్మామీటరు ఉంటే మంచిది. బిస్కెట్ ఓవెన్‌లోంచి వచ్చినప్పుడు మెత్తగానే ఉంటుంది, ట్రే మీదే చల్లారనిచ్చి, పైన చెప్పినట్టు 120 డిగ్రీల దగ్గర మరో పది నిమిషాలు ఆరనివ్వాలి.

మీ పత్రికను నేను కోరేది ఏమంటే, వంటల పేజీలో బిస్కెట్లు, కేకుల కొలతలనైనా గ్రాముల్లో ఇవ్వండి. కప్పులో చెంచాతో వదులుగా పోసిన మైదా 120 గ్రాములు తూగితే, అదే కప్పును పిండిలో ముంచి అదిమి తీస్తే 150 దాకా తూగుతుంది. కూరలో ఈ తేడా సర్దుకోవచ్చు, బిస్కెట్‌లో సర్దుకోలేము. ఓవెన్ వేడి, ఏ అర, ఉండ బరువు రాయండి. ఒక వస్తువు బదులు మరొకటి చెప్పేటప్పుడు దానివల్ల ఏం మారుతుందో ఒక వాక్యంలో చెప్పండి. ఆ కారణం తెలిసిన పాఠకురాలు తన ఊళ్ళో దొరికే ధాన్యంతో తన సొంత వంటకాన్ని తానే కుదుర్చుకోగలదు. అచ్చు వేసే ముందు ఎవరో ఒకరు ఆ వంటకాన్ని చేసి చూశారన్న భరోసా ఇవ్వండి. సందేహాలు వస్తే సలహా అడగడానికి హైదరాబాదు రాజేంద్రనగర్‌లో భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉంది, మైసూరులో కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ ఉంది.

ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన తరువాత అంగళ్ళలో చిరుధాన్యాల పేరుతో బిస్కెట్ ప్యాకెట్లు బాగా పెరిగాయి. ప్యాకెట్ మీద పదార్థాలను ఎక్కువ తూకం నుంచి తక్కువ తూకానికి వరసగా రాయాలన్నది నియమం. ఆ వరసలో మైదా మొదట, పామాయిలు తరువాత, చోళ్ళో జొన్నలో ఎక్కడో చివర కనిపిస్తున్న ప్యాకెట్లు చాలా ఉన్నాయి. నిజంగా సగం చోళ్ళతో చేసే బిస్కెట్ పల్లెల్లోని సంఘాల చేతుల మీదుగా రాగలదు. వాళ్ళకు ఓపిక ఉంది, ధాన్యం గుణం తెలుసు, బెల్లం గుణం తెలుసు. లేనిది సరైన కొలతల సమాచారమే, అది మీ పేజీ ఇవ్వగలదు.

చాక్లెట్ చిప్ కుకీ పుట్టుక గురించిన పెట్టెకు సవరణ కూడా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. పైన ఇచ్చిన చోడి బిస్కెట్‌ను మీ వంటల విభాగంవారు ఒకసారి చేసి చూసి, వారి ఓవెన్‌లో సమయం గాని వేడి గాని మార్చవలసి వస్తే ఆ మార్పుతోనే అచ్చు వేయండి. జొన్నపిండితోనో కొర్రలతోనో చేసి చూసిన పాఠకులు తమ కొలతలు, ఫలితాలు రాసి పంపితే, కుదరనివాటితో సహా వాటిని కూడా ప్రచురించగలరని ఆశిస్తున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
అనకాపల్లి